ఆర్‌సీటీ చేసిన పంటికి బాండింగ్ పట్టాలంటే

మామూలు పిప్పి పన్నులో ఏళ్ల తరబడి నిలిచే బాండింగ్ ఏజెంటే (ఫిల్లింగును పంటికి అతికించే ద్రవం), ఆర్‌సీటీ (రూట్ కెనాల్ చికిత్స) అయిన పన్నులో ఒక్కోసారి ఏడాది తిరక్కుండా వదిలేస్తుంది. సీసా అదే, చెయ్యీ అదే. మారింది డెంటిన్, అంటే ఎనామెల్ కింద ఉండే పంటి పొర. కెనాల్ (పంటి వేరులోని సన్నటి గొట్టం) శుభ్రం చెయ్యడానికి పోసిన ద్రావణాలు, నింపిన సీలరు (కెనాల్‌ను మూసే ముద్ద), రెండు సిట్టింగుల మధ్య పెట్టిన టెంపరరీ (తాత్కాలిక ఫిల్లింగు), ఇవన్నీ డెంటిన్ మీద తమ గుర్తు వదిలిపోతాయి. అందుకే బాండింగ్ గురించి జీపీ (కెనాల్ నింపే గట్టాపెర్చా) కోశాక ఆలోచిస్తే ఆలస్యమైనట్టే. యాక్సెస్ (కెనాల్లోకి దారి) తెరిచిన రోజే తేల్చుకోవాల్సిన విషయాలు ఇందులో కొన్ని ఉన్నాయి. కింద రాసినదంతా కుర్చీ పక్కన పనిచేసే డెంటిస్టుల కోసం, హౌస్ సర్జన్ల కోసం.

హైపో చేసే నష్టం, దాన్ని సరిదిద్దే పద్ధతి

సోడియం హైపోక్లోరైట్ (హైపో) లేకుండా ఆర్‌సీటీ లేదు. దాన్ని తగ్గించమని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. అయితే బాండింగ్ దృష్టితో చూస్తే అది రెండు పనులు చేస్తుంది. మొదటిది, డెంటిన్ పైపొరలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులను కరిగిస్తుంది. 1982లో జపాన్‌లో నకబయాషి బృందం వివరించిన హైబ్రిడ్ లేయర్ (రెసిన్, కొల్లాజెన్ పెనవేసుకున్న పొర) ఏర్పడాలంటే ఆ కొల్లాజెన్ జాలీలోకి బాండులోని రెసిన్ ఇంకాలి. జాలీయే లేకపోతే ఇంకేది దేనిలోకి? రెండోది, డెంటిన్‌ను ఆక్సిడైజ్ చేసి ఉపరితలంలో ఆక్సిజన్ మిగులుస్తుంది. రెసిన్ గట్టిపడటం అంటే ఫ్రీ రాడికల్స్ గొలుసులా ఒకదానికొకటి అందుకుంటూ పోవడం. ఆక్సిజన్ ఆ గొలుసును మధ్యలో తెంపేస్తుంది. లైట్ ఎంతసేపు పట్టినా డెంటిన్‌ను ఆనుకున్న పొర మెత్తగానే ఉండిపోతుంది. సెల్ఫ్ ఎచ్ బాండ్లకు (విడిగా యాసిడ్ పూసి కడగక్కర్లేనివి) ఈ దెబ్బ ఎక్కువగా తగులుతుంది. ఫాస్ఫారిక్ యాసిడ్‌తో ఎచ్ చేసి (పైపొర ఖనిజాన్ని కరిగించి) కడిగేసే పద్ధతిలో చెడిన పైపొర కొంత కొట్టుకుపోతుంది కాబట్టి అక్కడ నష్టం కాస్త తక్కువ.

సరిదిద్దడానికి మూడు దారులున్నాయి. అన్నిటికన్నా నమ్మదగినది కొత్త డెంటిన్ తెరవడం. పల్ప్ చాంబర్ (పంటి లోపలి గది) గోడల్ని నీళ్లు పోస్తూ రౌండ్ బర్‌తోనో, నున్నటి డైమండ్‌తోనో పల్చగా ఒక పొర గీకితే హైపో తిన్న పొర పోతుంది. గోడలు మాత్రమే సుమా, ఫ్లోర్ జోలికి పోవద్దు. ఫ్లోర్ పల్చన, పెర్ఫొరేషన్ (రంధ్రం పడే) భయం ఉంటుంది. అక్కడికి 50 మైక్రాన్ల అల్యూమినాతో ఎయిర్ అబ్రేషన్ ఉంటే బాగా పనికొస్తుంది.

రెండో దారి 10 శాతం సోడియం యాస్కార్బేట్. 10 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము పొడి. ఇది ఆక్సిడైజ్ అయిన డెంటిన్‌ను తిరిగి పాత స్థితికి తెస్తుంది. ప్రయోగశాల అధ్యయనాల్లో ఎక్కువగా 10 నిమిషాలు ఉంచారు, అంతకన్నా తక్కువ సమయంలోనూ ఫలితం కనిపించినవి ఉన్నాయి. ఏ పూటకాపూట కలుపుకోవాలి. నిల్వ ఉంచితే గాలికి ఆక్సిడైజ్ అయి పసుపు రంగుకు తిరుగుతుంది, ఇక దానితో పనిలేదు. మందుల షాపులో దొరికే విటమిన్ సి మాత్ర నూరి పోస్తే సరిపోదా అని అడుగుతుంటారు. సరిపోదు. యాస్కార్బిక్ యాసిడ్ ఆమ్లం, అది డెంటిన్‌ను తానే ఎచ్ చేస్తుంది. సోడియం లవణం దాదాపు తటస్థంగా ఉంటుంది, మనకు కావలసింది అదే.

మూడోది చివరి వాష్ క్రమం. హైపో అయ్యాక 17 శాతం ఈడీటీఏ (ఖనిజాన్ని తీసేసే ద్రావణం) 1 నిమిషం, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్ లేదా సెలైన్ దండిగా. ఈడీటీఏ తర్వాత మళ్లీ హైపో పోస్తే, ఖనిజం పోయి బయటపడ్డ కొల్లాజెన్‌ను అది తినేసి డెంటిన్‌ను గుల్ల చేస్తుంది, ఆక్సిజన్ సమస్య మళ్లీ మొదటికొస్తుంది. అదే రోజు బాండింగ్ చెయ్యబోతుంటే చివరి మాట హైపోది కాకూడదని మా అభిప్రాయం. ఈడీటీఏని కూడా 1 నిమిషం దాటించి నానబెట్టొద్దు. ఇక క్లోర్‌హెక్సిడిన్ (క్రిమినాశని) వాడేవారు హైపోకీ దానికీ మధ్య తప్పకుండా కడగాలి. రెండూ కలిస్తే ఇటుక రంగు అవక్షేపం వచ్చి ట్యూబ్యూల్స్‌లో (డెంటిన్‌లోని సూక్ష్మ గొట్టాల్లో) కూర్చుంటుంది, పంటికి రంగూ పట్టిస్తుంది.

యూజినాల్: వాసన పోయినంత మాత్రాన పోదు

మన దగ్గర సిట్టింగుల మధ్య జింక్ ఆక్సైడ్ యూజినాల్ టెంపరరీ పెట్టడం ఇంకా మామూలే, దానితోనే సీలరు కలిపేవారూ తక్కువేమీ కాదు. ఖర్చు తక్కువ, పేషెంటుకు ఉపశమనం. కానీ యూజినాల్ అణువులోని ఫినాల్ భాగం ఫ్రీ రాడికల్స్‌ను పట్టి మింగేస్తుంది. ఆక్సిజన్‌లాగే ఇదీ రెసిన్‌ను గట్టిపడనివ్వదు. పైగా గట్టిపడ్డ ముద్ద కూడా తడి తగిలితే యూజినాల్‌ను కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటుంది. పల్చగా కలిపిన ముద్ద ఇంకా ఎక్కువ వదులుతుంది.

తర్వాత కాంపోజిటో (పంటి రంగు రెసిన్ ఫిల్లింగు) ఫైబర్ పోస్టో (కెనాల్లో దించే గాజు పోగుల కడ్డీ) పెట్టాలని ముందే తెలిస్తే యూజినాల్ లేని టెంపరరీ వాడండి. కావిట్ రకం పదార్థమైతే మందం కనీసం 3.5 మి.మీ. ఉండాలి, లేకపోతే లాలాజలం లోపలికి దిగుతుంది. కింద కాటన్ ఉబ్బుగా పెట్టి పైన పొరలా పూస్తే టెంపరరీకి చోటే మిగలదు. కాటన్ బదులు టెఫ్లాన్ టేపు చిన్న ముక్క మడిచి పెడితే తక్కువ చోటు తీసుకుంటుంది, పోగులు గోడలకు అంటుకోవు.

పన్ను వేరే క్లినిక్ నుంచి యూజినాల్‌తోనే వచ్చిందనుకోండి. స్కూప్ ఎక్స్‌కవేటర్‌తో ముద్దంతా తీశాక గోడల్ని బర్‌తో పల్చగా గీకండి. ఆల్కహాల్‌లో ముంచిన పెల్లెట్‌తో తుడవండి, ప్యూమిస్‌తో బ్రష్ చెయ్యండి, బాగా కడగండి. ఆపైన ఎచ్ అండ్ రిన్స్ పద్ధతికే వెళ్లండి. సెల్ఫ్ ఎచ్ బాండు స్మియర్ లేయర్‌ను (బర్ గీకినప్పుడు అంటుకునే పొడి పొరను) కడిగి పారెయ్యదు, తనలో కలుపుకుంటుంది. ఆ స్మియర్‌లో యూజినాల్ ఉంటే అదీ బాండులో భాగమైపోతుంది.

మిగతా సీలర్ల సంగతి

ఎపాక్సీ రెసిన్ సీలరు యూజినాల్‌లా రసాయనికంగా అడ్డుపడదు. అది చేసే చెడు అంతా గోడకు పొరలా అంటుకోవడమే. ఎనిమిది గంటల దాకా గట్టిపడదు కాబట్టి అదే సిట్టింగులో ఆల్కహాల్ పెల్లెట్‌తో తుడిస్తే చాలావరకు వస్తుంది. కంటికి శుభ్రంగా కనిపించినా లూప్స్‌తో (కళ్లకు పెట్టుకునే భూతద్దాలతో) చూస్తే మూలల్లో తెల్లటి చారలు ఉంటాయి, వాటిని అల్ట్రాసోనిక్ టిప్‌తోనో బర్‌తోనో తియ్యాల్సిందే. బయోసెరామిక్ సీలరైతే గట్టిపడక ముందే తడి పెల్లెట్‌తో, నీళ్లతో కడిగెయ్యండి. గట్టిపడితే అల్ట్రాసోనిక్ తప్ప దారిలేదు. కాల్షియం హైడ్రాక్సైడ్ డ్రెస్సింగ్ పెట్టిన కెనాల్లో దాని అవశేషాలు గోడల్ని కప్పి ఉంటాయి. ఈడీటీఏ పోసి అల్ట్రాసోనిక్‌తో కదిపితే కానీ వదలవు. రీట్రీట్‌మెంట్‌లో జీపీ కరిగించడానికి క్లోరోఫామ్ వాడి ఉంటే అది కూడా బాండు బలాన్ని తగ్గిస్తుంది.

నాన్ వైటల్ బ్లీచింగ్ చేసిన ముందు పన్ను విషయంలో మాత్రం తొందర అస్సలు పనికిరాదు. పెరాక్సైడ్ వదిలే ఆక్సిజన్ పన్నంతా నిండి ఉంటుంది. కనీసం ఒకటి రెండు వారాలు ఆగి ఆ తర్వాతే శాశ్వత కాంపోజిట్ పెట్టండి.

ఏ బాండు, ఎక్కడ

చాంబర్‌లో నేరుగా కాంపోజిట్ పెట్టేటప్పుడు, యూజినాల్ చరిత్ర లేకపోతే, ఎనామెల్ అంచులకు మాత్రం 35–37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ 30 సెకన్లు పూసి కడిగి, లోపల రెండు సీసాల సెల్ఫ్ ఎచ్ బాండు వాడటం మంచి పద్ధతి. యూనివర్సల్ బాండు వాడేవారైనా ఎనామెల్‌ను విడిగా ఎచ్ చెయ్యాల్సిందే. యూజినాల్ తగిలిన పన్నుకు ఎచ్ అండ్ రిన్స్: డెంటిన్ మీద యాసిడ్ 15 సెకన్లు మించకూడదు. ఈడీటీఏతో అప్పటికే కొంత ఖనిజం పోయిన డెంటిన్‌ను ఇంకా ఎచ్ చేస్తే, రెసిన్ దిగలేనంత లోతుకు కొల్లాజెన్ ఒట్టిగా నిలబడిపోతుంది. రెసిన్ అందని ఆ కొల్లాజెన్‌ను డెంటిన్‌లోనే ఉన్న ఎంఎంపీ ఎంజైములు నెమ్మదిగా కొరికేస్తాయి. ఎచ్ చేసి కడిగాక 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ 1 నిమిషం ఉంచి, ఎక్కువైన తడి అద్ది, ఆపై ప్రైమర్ పూస్తే ఆ ఎంజైముల దూకుడు తగ్గుతుంది.

ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. ఒకే సీసా బాండ్లు ఆమ్లగుణం కలవి. వాటి మీద సెల్ఫ్ క్యూర్ (తనంతట తాను గట్టిపడే) లేదా డ్యూయల్ క్యూర్ (లైటుతోనూ, తనంతటా గట్టిపడే) కాంపోజిట్ పెడితే, బాండు పైపొరలో క్యూర్ కాకుండా మిగిలిన ఆమ్ల మోనోమర్లు కాంపోజిట్‌లోని టెర్షియరీ అమీన్‌ను పనికిరాకుండా చేస్తాయి. లైట్ అందే చోట పెద్దగా తెలియదు. లైట్ అందని చోట, అంటే సరిగ్గా కెనాల్ లోపల, సిమెంటు బాండును అంటుకున్న చోటే గట్టిపడదు. అందుకే డ్యూయల్ క్యూర్ కోర్ (క్రౌన్ కింద పోయిన పంటి భాగాన్ని పూరించే) మెటీరియల్ వాడేటప్పుడు ఆ బాండు కంపెనీవాళ్లే ఇచ్చే డ్యూయల్ క్యూర్ యాక్టివేటర్‌ను వాళ్లు చెప్పిన నిష్పత్తిలో కలపండి, లేదా ఆ బాండుకు జతగా తయారుచేసిన సిమెంటే వాడండి. ఒక కంపెనీ బాండు, ఇంకో కంపెనీ కోర్ మెటీరియల్ కలిపి వాడటం మన క్లినిక్కుల్లో మామూలైపోయింది. ఊడిన కోర్లలో కొన్నింటికి మూలం అక్కడే.

సీసా నిల్వ గురించి కూడా ఒక మాట. రాయలసీమలోనో తెలంగాణలోనో మే నెలలో రాత్రి ఏసీ కట్టేసిన క్లినిక్ గది ఎంత వేడెక్కుతుందో తెలిసిందే. లేబుల్ మీద ఫ్రిజ్‌లో ఉంచమని రాసి ఉంటే ఉంచండి, వాడేముందు గది వేడికి రానివ్వండి. చల్లటి బాండు చిక్కగా ఉండి ద్రావకం సరిగా ఆరదు. అసిటోన్ ఉన్న బాండును డిష్‌లో ముందే పోసి పెట్టుకోవద్దు. పూసే క్షణంలో చుక్క వేసి వెంటనే మూత పెట్టండి.

చాంబర్‌లో పని క్రమం

రబ్బర్ డ్యామ్ (పంటిని లాలాజలం నుంచి వేరుచేసే రబ్బరు తెర) తీసెయ్యకుండా, వీలైతే ఆబ్చురేషన్ (కెనాల్ నింపడం) చేసిన సిట్టింగులోనే బాండింగ్ కూడా ముగించండి. డెంటిన్ మళ్లీ లాలాజలం, టెంపరరీ రుచి చూడకుండా ఉంటుంది.

జీపీని వేడి ప్లగ్గర్‌తో ఆరిఫిస్ (కెనాల్ నోరు) కింద 1–2 మి.మీ. వరకు కోసి, నిలువుగా అదమండి. గోడలు శుభ్రం చేసి, పైన చెప్పినట్టు కొత్త డెంటిన్ తెరవండి. చాంబర్ గోడల్లో మన ఫైళ్లు తగలని చోటు చాలా ఉంటుంది, అక్కడ డెంటిన్ ఉండలు ఉండలుగా ఉండి బాండు సరిగా కూర్చోదు. గీకడానికి ఇది ఇంకో కారణం.

బాండు పూసేటప్పుడు మైక్రో బ్రష్‌ను గోడలకు రుద్దుతూ 20 సెకన్లు కదపండి. ఊరికే తడిపి వదిలెయ్యొద్దు. ఆరిఫిస్ గుంటల్లో, ఫ్లోర్ మూలల్లో బాండు చెరువులా నిలుస్తుంది, దాన్ని పేపర్ పాయింట్‌తోనో పొడి బ్రష్‌తోనో పీల్చెయ్యండి. తర్వాత మెల్లటి గాలితో మొదలుపెట్టి, బాండు పొర కదలడం ఆగేదాకా ఊదండి. త్రీవే సిరంజిలో నూనె, నీళ్లు వస్తున్నాయేమో ముందే టిష్యూ మీద ఊది చూసుకోండి.

ఇప్పుడు లైటు. మోలార్ చాంబర్ ఫ్లోర్ లైట్ టిప్ నుంచి 6–8 మి.మీ. దూరంలో ఉంటుంది, అంత దూరంలో కాంతి తీవ్రత బాగా పడిపోతుంది. ప్యాకెట్ మీద 10 సెకన్లని ఉంటే ఇక్కడ 20 సెకన్లు, ఇంకా లోతైతే 40 సెకన్లు పట్టండి. రేడియోమీటరుతో నెలకోసారైనా కొలిచి, చదరపు సెంటీమీటరుకు 1000 మిల్లీవాట్లకు తగ్గకుండా చూసుకోండి. టిప్‌కు ఎండిపోయిన కాంపోజిట్ అంటుకుని ఉండటమే చాలా చోట్ల అసలు జబ్బు.

ముందు ఆరిఫిస్‌ల మీద, ఫ్లోర్ మీద 1 మి.మీ. ఫ్లోయబుల్ (జారుడుగా ఉండే కాంపోజిట్) వేసి క్యూర్ చెయ్యండి. తర్వాత 2 మి.మీ. చొప్పున, ఒక్కో పొర ఎదురెదురు గోడల్ని ఒకేసారి కలపకుండా ఏటవాలుగా పెట్టండి. చాంబర్ ఐదు వైపులా గోడలున్న పెట్టె లాంటిది. కాంపోజిట్ గట్టిపడుతూ కుంచించుకుంటే గోడలన్నిటినీ ఒకేసారి లాగుతుంది, ఎక్కడ బలహీనమో అక్కడ తెగుతుంది.

పోస్టు అవసరమా, అయితే ఎలా

పోస్టు పన్నుకు బలం ఇవ్వదు, కోర్‌ను పట్టుకుంటుంది అంతే. 1989లో వచ్చిన ఒక ప్రసిద్ధ ప్రయోగశాల అధ్యయనంలో యాక్సెస్ కేవిటీ వల్ల పంటి దృఢత్వం 5 శాతమే తగ్గింది, ఎంఓడీ (నమిలే ముఖం, దానితో పాటు ముందు వెనక పక్కలు కోసిన) కేవిటీ వల్ల 63 శాతం తగ్గింది. అంటే పన్నును బలహీనం చేసేది మార్జినల్ రిడ్జ్‌లు (నమిలే ముఖం రెండు అంచుల గట్లు) పోవడం. రెండు మూడు గోడలు గట్టిగా ఉన్న మోలార్‌కు చాంబరే పట్టు ఇస్తుంది, పోస్టు పేరుతో ఇంకా డెంటిన్ తొలచొద్దు. పోస్టు పెట్టినా పెట్టకపోయినా క్రౌన్ అంచు పైన 1.5–2 మి.మీ. ఎత్తు ఫెరూల్ (క్రౌన్ చుట్టి పట్టుకునే పంటి గోడ) ఉండాలి. అది లేనిచోట ఎంత మంచి బాండయినా ఎక్కువ కాలం మొయ్యలేదు.

కెనాల్ లోపల బాండింగ్ ఎందుకు కష్టమంటే, అక్కడ బాండు అంటిన ఉపరితలంతో పోలిస్తే అంటని ఉపరితలం దాదాపు లేదు. ఈ రెండిటి నిష్పత్తి, అంటే సీ ఫ్యాక్టర్, 200 దాటుతుందని లెక్కలు చెబుతున్నాయి, మామూలు క్లాస్ 1 కేవిటీలో అది 5. దానికి తోడు కిందికి పోయేకొద్దీ ట్యూబ్యూల్స్ తగ్గుతాయి, లైటు తగ్గుతుంది, తడి మీద అదుపు తగ్గుతుంది. కాబట్టి సిమెంటు పొర పల్చగా ఉండేలా, పోస్టు కెనాల్‌కు సరిగ్గా సరిపోయేలా చూసుకోవడమే సగం పని.

కింద 4–5 మి.మీ. జీపీ వదిలి మిగతాది వేడితో, తర్వాత పీసో రీమర్‌తో తియ్యండి. చివరగా పోస్టు కిట్‌లోని డ్రిల్ నీళ్లతో తిప్పండి. ఈ డ్రిల్ హైపో తిన్న పొరను తీసేసి కొత్త డెంటిన్ తెరుస్తుంది. అందుకే డ్రిల్ తర్వాత హైపో పొయ్యకూడదు, చేసిన మేలంతా పోతుంది. 17 శాతం ఈడీటీఏ 1 నిమిషం, అల్ట్రాసోనిక్‌తో కదిపి, డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. లైటు, లూప్స్ పెట్టి గులాబి రంగు జీపీ చారలు ఏమైనా ఉన్నాయేమో చూడండి. డ్రిల్ వేడికి మెత్తబడ్డ జీపీ, సీలరు కలిసి గోడకు పులిమినట్టు అంటుకుంటాయి, ముఖ్యంగా అండాకారపు కెనాల్‌లో డ్రిల్ తగలని రెండు చివర్లలో.

సిమెంటుకు మా మొదటి ఎంపిక సెల్ఫ్ అడ్హెసివ్ రెసిన్ సిమెంట్. మెట్లు తక్కువ కాబట్టి తప్పులూ తక్కువ. దీనికి డెంటిన్ మీద ఫాస్ఫారిక్ యాసిడ్ పెట్టొద్దు. కెనాల్‌ను పేపర్ పాయింట్లతో అద్దండి, చివరి పాయింటు కొసన స్వల్పంగా తడి ఉంటే సరిపోతుంది. గాలి ఊది ఎండబెట్టొద్దు, ఆ సిమెంటు పని మొదలుపెట్టడానికి కొంచెం తడి కావాలి.

పోస్టును కెనాల్లో సరిచూసుకున్నాక ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టి, సైలేన్ (గాజుకూ రెసిన్‌కూ అతుకు కలిపే ద్రవం) పూసి 60 సెకన్లు ఆగండి. కంపెనీ పోస్టుకు ముందే పూత ఉందని చెబితే వాళ్ల సూచనే పాటించండి. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ మాత్రం వద్దు, గాజు పోగుల్నే తినేస్తుంది. తుడిచిన పోస్టును చేత్తో ముట్టుకోవద్దు.

సిమెంటును సన్నటి ఎలాంగేషన్ టిప్‌తో కెనాల్ అడుగు నుంచి పైకి నింపుతూ రండి, టిప్ కొస ఎప్పుడూ సిమెంటులో మునిగే ఉండాలి. లేకపోతే గాలి బుడగలు చిక్కుతాయి. లెంటులో స్పైరల్ వాడొద్దు, కొన్ని సిమెంట్లు దానివల్ల పోస్టు పెట్టేలోపే గట్టిపడిపోతాయి. పోస్టు దించి వేలితో కదలకుండా పట్టుకుని, ఎక్కువైన సిమెంటు తీసి, పోస్టు తల మీదుగా 40–60 సెకన్లు లైటు పట్టండి. తర్వాత ఐదు నిమిషాలు ఆగండి. కింద భాగం లైటుతో కాదు, తనంతట తాను గట్టిపడాలి. ఆ ఐదు నిమిషాలూ ఆగకుండా కోర్ మీద బర్ పెడితే ఇంకా గట్టిపడని సిమెంటు పోస్టుతో పాటు కదిలిపోతుంది. పోస్టు పొడవు తగ్గించాల్సి వస్తే నీళ్లతో డైమండ్ బర్ వాడండి. కటింగ్ ప్లయర్‌తో తుంచితే లోపలి పోగులు నలిగిపోతాయి.

ఊడొచ్చిన దాన్ని పారెయ్యకముందు

పేషెంటు చీటీలో చుట్టి తెచ్చిన కోర్‌నో పోస్టునో లూప్స్ కింద చూడండి. సిమెంటంతా పోస్టుకే అంటుకుని ఉండి, కెనాల్ గోడ శుభ్రంగా ఉంటే తప్పు డెంటిన్ వైపు జరిగింది. హైపో, యూజినాల్, సీలరు పొర, లేదా తడి. సిమెంటంతా కెనాల్లో ఉండి పోస్టు ఒట్టిగా వస్తే పోస్టు ఉపరితలం సంగతి చూడండి, సైలేన్ పాతదై ఉండొచ్చు, చేతి జిడ్డు తగిలి ఉండొచ్చు. సిమెంటును ఎక్స్‌ప్లోరర్‌తో గీకితే మెత్తగా లేస్తే అది గట్టిపడనే లేదు. బాండుకూ కోర్‌కూ పడలేదా, లైటు బలహీనమా, ట్యూబులో గడువు దాటిందా, ఈ వరసలో వెతకండి. కోర్‌తో పాటు డెంటిన్ ముక్కలు కూడా విరిగి వస్తే బాండు తన పని చేసింది, ఫెరూల్ లేకపోవడమో, కాటు బరువు ఒకే వైపు పడటమో కారణం. అప్పుడు బాండు మార్చి లాభం లేదు. ఆ పన్నుకు క్రౌన్ లెంగ్తెనింగ్ (చిగురు తగ్గించి పన్ను మరింత బయటపెట్టడం) చెయ్యాలా, అసలు నిలబెట్టగలమా అన్నది ముందు తేల్చుకోవాలి.